బోల్టు విప్పకముందే ఆగండి

ఈ వారం కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించాలని, సైలెన్సర్ మార్పించాలని, ముందు బంపర్‌కు ఇనుప గార్డు బిగించాలని అనుకుంటున్నవారు ఇది చదివాకే షెడ్డుకు బయల్దేరండి. పై చదువులకు అమెరికాకో జర్మనీకో వెళ్లి అక్కడ చవకగా దొరికిన సెకండ్ హ్యాండ్ కారు కొనబోతున్న పిల్లలు, వాళ్లకు డబ్బు పంపుతున్న తల్లిదండ్రులు కూడా చదవాలి. ఫోన్‌లో చూసిన బండి ఏ దేశపు రోడ్డు మీదిదో, దాని వెనక ఎన్ని కాగితాలున్నాయో కనుక్కోకుండా, దాన్ని చూసి మన బళ్లను మార్చేస్తున్నాం. ఒక దేశంలో అనుమతి ఉన్న మార్పు ఇంకో దేశంలో నేరం. ఒక్కోసారి నేరం మాట తర్వాత, ప్రాణమే పోతుంది.

ముందు మన దేశం సంగతి. నా డబ్బు పెట్టి కొన్న బండి, నా ఇష్టం వచ్చినట్టు చేసుకుంటానని చాలామంది గట్టిగా నమ్ముతారు. చట్టం అలా చెప్పదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా ఏ యజమానీ బండిని మార్చకూడదు. కేరళ హైకోర్టు డివిజన్ బెంచి ఒక కేసులో కొంత వెసులుబాటు ఇచ్చింది. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదని తేల్చేసింది. అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని సవరించింది. కొత్తగా తిరగరాసిన సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బండిలో మూడు మార్పులుంటే జరిమానా మూడు సార్లు లెక్క కట్టవచ్చు. నిబంధనలకు విరుద్ధంగా బండిని మార్చే, అమ్మే డీలర్లకైతే ఏడాది దాకా జైలు, లేదా బండికి లక్ష రూపాయలు. అయినా షెడ్డులో బిగించినతను మనకు బిల్లు కూడా ఇవ్వడు. రోడ్డు మీద ఆపినప్పుడు సమాధానం చెప్పుకోవలసింది స్టీరింగ్ పట్టుకున్నవాడే.

చట్టం ఒప్పుకొనే మార్పులూ కొన్ని ఉన్నాయి. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్, ఎల్పీజీ కిట్, బ్యాటరీ కిట్ పెట్టించుకోవచ్చు. దివ్యాంగులు నడపడానికి వీలుగా కారును మార్పించుకోవచ్చు. కానీ అవన్నీ ఆర్టీవో ఆఫీసు దాకా వెళ్లి, ఆర్సీలో ఎక్కాల్సిన మార్పులు. కారు రంగు మార్చినా అంతే. ఆర్సీలో తెలుపు అని ఉండి రోడ్డు మీద నలుపు తిరుగుతుంటే ఆ బండికి దొంగ బండికి తేడా పోలీసుకు ఎలా తెలియాలి?

ఒక దేశంలో ఒకలా, ఇంకో దేశంలో ఇంకోలా ఎందుకున్నాయన్నది కొంచెం తెలుసుకోవాలి. తెలిస్తేనే ఇంటర్నెట్‌లో దొరికే సలహాలను ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది. ఐరోపా దేశాలు 1958లో జెనీవాలో ఒక ఒప్పందం చేసుకున్నాయి. జపాన్, ఆస్ట్రేలియా వంటివి తర్వాత అందులో చేరాయి. లైటు, అద్దం, టైరు, బ్రేకు ఇలా ఒక్కో భాగానికీ ఒక్కో ఉమ్మడి ప్రమాణం. ఆ భాగాన్ని ప్రభుత్వం గుర్తించిన సంస్థ ముందుగా పరీక్షించి ఆమోదిస్తేనే దాని మీద వలయంలో ‘ఈ’ అక్షరం గుర్తు పడుతుంది. అమెరికా ఆ ఒప్పందంలో చేరలేదు. అక్కడ తయారీదారు తానే తన భాగం ప్రమాణాలకు సరిపోతుందని ధ్రువీకరిస్తాడు, అబద్ధమని తేలితే ప్రభుత్వం తర్వాత పట్టుకుంటుంది. మన దేశానికి తన ప్రమాణాలు తనకున్నాయి. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థలు ఇక్కడ పరీక్షలు చేస్తాయి. కాబట్టి ఆన్‌లైన్‌లో కొన్న డబ్బా మీద విదేశీ ముద్ర ఉన్నంత మాత్రాన ఆ వస్తువు మన రోడ్డు మీద చెల్లుతుందని కాదు. చాలామంది మోసపోయేది ఇక్కడే.

దీనికి అన్నిటికంటే సూటి ఉదాహరణ హెడ్‌లైటు. డిమ్ లైటు వేసినప్పుడు వెలుగు అంతటా ఒకే ఎత్తులో పడదు. రోడ్డు అంచున నడిచేవాళ్లు, సైన్ బోర్డులు కనిపించడానికి ఒక పక్కన కొంచెం పైకి లేస్తుంది. మనం ఎడమవైపు నడుపుతాం కనుక మన లైటులో వెలుగు ఎడమ పక్కన లేస్తుంది. అమెరికాలో, ఐరోపాలోని చాలా దేశాల్లో కుడివైపు నడుపుతారు, వాళ్ల లైటులో కుడి పక్కన లేస్తుంది. అక్కడి నుంచి బంధువులు సూట్‌కేసులో తెచ్చిన లైటు సెట్టును మన కారుకు బిగిస్తే, ఆ కుడి పక్క వెలుగు నేరుగా ఎదురుగా వచ్చేవాడి కళ్లలో పడుతుంది. డిమ్ కొట్టానని డ్రైవరు నిశ్చింతగా ఉంటాడు. ఎదురుగా బైకు మీద భార్యాపిల్లలతో వస్తున్న మనిషికి రెండు మూడు సెకన్లపాటు రోడ్డే కనబడదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ మూడు సెకన్లకు 50 మీటర్లు పోతుంది బండి. ఇది అందంగా ఉందని పెట్టిన లైటు. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

హాలోజెన్ బల్బు కోసం చేసిన లైటు గిన్నెలో ఎల్ఈడీ బల్బు దూర్చినా ఇదే జరుగుతుంది. వెలుగు పుట్టే చోటు మారిపోతుంది, అద్దం దాన్ని ఎటు పడితే అటు చిమ్ముతుంది. ఇక మామూలు బల్బు 60/55 వాట్ల చోట 100/90 వాట్ల బల్బు, రిలే కూడా లేకుండా పెట్టేవాళ్లున్నారు. కంపెనీ తీగ అంత కరెంటు కోసం వేసింది కాదు. తీగ వేడెక్కుతుంది, పైతొడుగు కరుగుతుంది, బానెట్ కింద మంట లేస్తుంది. మన దగ్గర కారు దగ్ధమైన వార్త వచ్చినప్పుడల్లా షార్ట్ సర్క్యూట్ అని రాసి వదిలేస్తారు. ఆ సర్క్యూట్‌ను కోసి నల్ల టేపు చుట్టింది ఎవరో అడిగేవాళ్లు లేరు.

వెనక ఇండికేటరు సంగతి కూడా చూడండి. అమెరికాలో ఎర్ర ఇండికేటరుకు అనుమతి ఉంది. మన దగ్గర అది నారింజ రంగులోనే ఉండాలి. అక్కడి నుంచి తెప్పించిన వెనక లైట్ల సెట్టు బిగిస్తే వెనక వచ్చే లారీ డ్రైవరుకు మీరు బ్రేకు వేశారో, మలుపు తిరుగుతున్నారో రాత్రిపూట తేలదు.

ఇప్పుడు జర్మనీ. వేగానికి పరిమితి లేని హైవేలున్న దేశం కనుక అక్కడ బండిని ఎలా మార్చుకున్నా అడిగేవాళ్లుండరని మన కుర్రాళ్లలో ఒక నమ్మకం ఉంది. నిజం దానికి పూర్తిగా ఎదురు. అక్కడి రోడ్డు అనుమతి నియమాల్లో 19వ సెక్షన్ ప్రకారం, రోడ్డు మీద ఇతరులకు ప్రమాదం కలిగించేలాగానో, పొగ, చప్పుడు పెరిగేలాగానో బండిని మారిస్తే, ఆ బండికి రోడ్డెక్కే అనుమతే రద్దవుతుంది. చలానా కట్టి ఇంటికి వెళ్లే వ్యవహారం కాదది. కొన్న ప్రతి భాగానికీ కాగితం ఉండాలి. కొన్నిటికి ఆ కాగితం కారులో పెట్టుకుని తిరిగితే చాలు. కొన్నిటిని టూఫ్ వంటి తనిఖీ సంస్థ ఇంజినీరుకు చూపించి ఆమోదం తీసుకుని, బండి పత్రాల్లో ఎక్కించుకోవాలి. కొత్త కారుకు మూడేళ్లకు, తర్వాత ప్రతి రెండేళ్లకు పెద్ద తనిఖీ ఉంటుంది. మ్యూనిక్‌లో, బెర్లిన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు పాత గోల్ఫ్ కారు కొనేటప్పుడు అల్లాయ్ వీల్స్ చూసి మురిసిపోతారు. ఆ వీల్స్‌కు కాగితం ఉందా అని అడగరు. అమ్మినవాడు ఎవరి దగ్గర కొన్నాడో, ఆ ముందువాడు ఎక్కడ బిగించుకున్నాడో. తనిఖీలో అది బయటపడిన రోజున జేబు ఖాళీ అయ్యేది కొన్న విద్యార్థికే.

నిజాయితీగా చెప్పాలంటే నాకు జర్మనీ పద్ధతి నచ్చుతుంది. అది మార్పును నిషేధించలేదు, మార్చినవాడు అది సురక్షితమని నిరూపించుకోవాలంది. జపాన్ కూడా కొంత ఇలాగే నడుస్తుంది. 1995లో అక్కడ నియమాలు సడలించారు. నిర్దేశించిన కొన్ని భాగాలకు అనుమతి అడగక్కర్లేదు. మామూలుగా కారు పొడవులో 3 సెంటీమీటర్లు, వెడల్పులో 2 సెంటీమీటర్లు, ఎత్తులో 4 సెంటీమీటర్ల దాకా తేడాను సహిస్తారు. అది దాటితే నిర్మాణం మారిందని మళ్లీ పరీక్షకు తీసుకెళ్లి నమోదు చేయించుకోవాలి. షాకెన్ అనే తనిఖీ కొత్త కారుకు మూడేళ్లకు, తర్వాత రెండేళ్లకోసారి తప్పదు. మనం వీడియోల్లో చూసి ముచ్చటపడే నేలబారు కార్లు కొన్ని ఈ తనిఖీ దాటి వచ్చినవి, కొన్ని రాత్రిపూట పోలీసు కళ్లుగప్పి తిరిగేవి. వీడియోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

బ్రిటన్‌లో దెబ్బ ఇన్సూరెన్స్ రూపంలో తగులుతుంది. చక్రాలు మార్చినా, ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చినా ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. అడిగినప్పుడు దాచిపెడితే పాలసీని రద్దు చేయవచ్చు. రద్దయిన సంగతి పట్టించుకోకుండా నడిపితే ఇన్సూరెన్స్ లేని బండి నడిపినట్టు. దానికి 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 6 పాయింట్లు. అక్కడి లైసెన్సు వచ్చి రెండేళ్లు కాని డ్రైవరుకు 6 పాయింట్లు పడ్డాయంటే లైసెన్సే పోతుంది, మళ్లీ మొదటి నుంచి పరీక్ష రాయాలి. ముందు తలుపుల అద్దాల్లోంచి కనీసం 70 శాతం, ముందు పెద్ద అద్దంలోంచి 75 శాతం వెలుతురు లోపలికి రావాలి. వెనక అద్దాలకు మాత్రం పరిమితి లేదు. ఈ చివరి వాక్యం ఒక్కటే పట్టుకుని లండన్‌లో వెనక అద్దాలు నల్లగా ఉన్న కారు ఫొటో చూపించి హైదరాబాద్‌లో వాదించేవాళ్లున్నారు.

మన దగ్గర అద్దాల లెక్క వేరు. ముందు, వెనక అద్దాలకు 70 శాతం, పక్క అద్దాలకు 50 శాతం వెలుతురు ఉండాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, కంపెనీ నుంచి వచ్చిన అద్దం మీద ఎంత పలచటి నల్ల ఫిల్మ్ అయినా అంటించడానికి వీల్లేదంది. తర్వాత నిబంధన మారింది. 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, మారిన నిబంధన ప్రకారం ఆ పరిమితులకు లోబడి ఉన్న ఫిల్మ్‌కు చలానా వేయకూడదంది. వెంటనే దుకాణాల వాళ్లు ఫిల్మ్‌కు కోర్టు అనుమతి ఇచ్చేసిందని ప్రచారం మొదలుపెట్టారు. అది సగం నిజం. 70, 50 అన్న అంకెలు ఎక్కడికీ పోలేదు. పైగా అద్దానికి ముందే కొంత ఛాయ ఉంటుంది, ఫిల్మ్ దాని మీద చేరుతుంది, మొత్తం కలిపి కొలుస్తారు. లోపల మనిషి కనబడనంత నలుపు ఏ తీర్పు కిందా చెల్లదు.

అమెరికాకు వస్తే ఒక దేశంలోనే యాభై దేశాలు. ముందు తలుపు అద్దాలకు టెక్సాస్‌లో 25 శాతం వెలుతురు చాలు, ఫ్లోరిడాలో 28, కాలిఫోర్నియాలో 70. న్యూజెర్సీలో వైద్య కారణం చూపి మినహాయింపు తెచ్చుకుంటే తప్ప ముందు తలుపుల మీద ఫిల్మే వేయకూడదు. డాలస్‌లో చట్టప్రకారం ఫిల్మ్ వేయించుకున్న కారుతో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉద్యోగానికి చేరిన మన అబ్బాయి అక్కడ కాపురం పెట్టిన రోజు నుంచి తప్పులో ఉన్నట్టే. 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకు ఏటా చేసే భద్రతా తనిఖీని ఎత్తేశారు. చట్టం ఎత్తేశారని కొందరు పొరబడుతున్నారు. పోయింది తనిఖీ మాత్రమే, చట్టం అలాగే ఉంది. హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష కూడా అలాగే ఉంది.

పొగ విషయంలో రాష్ట్రాల మీద కేంద్రం ఉంది. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం అమెరికా అంతటికీ వర్తిస్తుంది. కెటలిటిక్ కన్వర్టర్ తీసేయడం, ఇంజన్ కంప్యూటర్‌లో పొగ నియంత్రణను ఆపేసే ప్రోగ్రాం ఎక్కించడం, అలాంటి పరికరాలు అమ్మడం ఏ రాష్ట్రంలోనైనా చట్టవిరుద్ధం. అక్కడి పర్యావరణ సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం అంతకుముందు పదేళ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్ బళ్లలో ఈ నియంత్రణలను పీకేశారు. కాలిఫోర్నియా ఇంకో మెట్టు ఎక్కింది. బయట కొన్న భాగానికి ఆ రాష్ట్ర వాయు మండలి ఇచ్చిన ఆమోద సంఖ్య ఉండాలి. 2021 జులై నుంచి పొగ తనిఖీలో ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చారా అని కూడా చూస్తున్నారు. ఇంకో రాష్ట్రంలో ట్యూనింగ్ చేయించిన కారు బే ఏరియాకు వచ్చి, అక్కడ రిజిస్ట్రేషన్ కాక ఆగిపోవడానికి కారణం ఇదే.

ముందు భాగం పైకెత్తి వెనక భాగం కిందికి దించిన పికప్‌ల వీడియోలు మీరు చూసే ఉంటారు. ఆ వాలులో డ్రైవరుకు బండి ముందు నిలబడ్డ పిల్లవాడు కనబడడు, హెడ్‌లైట్లు ఆకాశం కేసి చూస్తాయి. నార్త్ కరొలైనా 2021 డిసెంబరు 1 నుంచి దీన్ని నిషేధించింది, వర్జీనియా, సౌత్ కరొలైనా కూడా అదే బాట పట్టాయి. అక్కడి రాష్ట్రాలే వద్దని తేల్చిన ఫ్యాషన్‌ను మన వాళ్లు జీపులకు, పికప్‌లకు అరువు తెచ్చుకుంటున్నారు.

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలకు నేను చెప్పేది కఠినంగా ఉంటే ఉండనీ. 2025 ఏప్రిల్‌లో అక్కడ వేలాది విదేశీ విద్యార్థుల హోదా నమోదై ఉండే సెవిస్ రికార్డులు హఠాత్తుగా రద్దయ్యాయి. వారిలో ట్రాఫిక్ ఉల్లంఘన వంటి చిన్న కేసు తప్ప ఇంకేమీ లేనివాళ్లూ ఉన్నారు. కోర్టులకెక్కాక రికార్డులను పునరుద్ధరించారు కానీ, ఆ వారాల్లో ఎన్ని ఇళ్లలో నిద్రల్లేవో ఇక్కడి తల్లిదండ్రులకు తెలుసు. సైలెన్సర్ చప్పుడుకు పోలీసు ఆపాడన్న కాగితం ఒకటి మీ పేరు మీద ఉండాల్సిన అవసరం ఏముంది? స్వదేశంలో చలానా కట్టి మరిచిపోయే తప్పు, పరదేశంలో వీసా ఫైలులో కూర్చుంటుంది.

గల్ఫ్‌లో పరిస్థితి ఇంకా బరువు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లి అక్కడ డ్రైవర్లుగా బతుకుతున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా ఇంజన్‌నో ఛాసీనో మారిస్తే 1,000 దిర్హాముల జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు, 30 రోజులు బండి స్వాధీనం. చప్పుడు ఎక్కువ చేసే బండికి 2,000 దిర్హాములు, మళ్లీ 12 పాయింట్లు. అద్దాల నలుపు హద్దు దాటితే 1,500 దిర్హాములు. ఏడాదిలో 24 పాయింట్లు చేరితే లైసెన్సు నిలిపేస్తారు. వేగం కోసమో చప్పుడు కోసమో మార్చిన బండిని దుబాయ్‌లో స్వాధీనం చేసుకుంటే విడిపించుకోవడానికి 10,000 దిర్హాములు కట్టాలని 2023లో ఉత్తర్వు వచ్చింది. యజమాని కొడుకు సరదాకు మార్పించిన బండి డ్రైవరు చేతిలో ఉండగా దొరికితే పాయింట్లు పడేది ఆ డ్రైవరు లైసెన్సు మీద. తాళాలు తీసుకునే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకోవాలి. అనుమానం ఉంటే అడగాలి. లైసెన్సు పోతే ఇంటికి పంపే డబ్బు కూడా ఆగిపోతుంది.

ఆస్ట్రేలియాలో తేలికపాటి బళ్ల మార్పులకు దేశమంతటికీ ఒక మార్గదర్శక నియమావళి ఉన్నా, అమలు రాష్ట్రాలది. ఇంజన్ మార్చడం వంటి పెద్ద పనికి గుర్తింపు పొందిన ఇంజినీరు ధ్రువపత్రం కావాలి. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియాలో కొత్తగా లైసెన్సు పొందినవాళ్లు ఇంజన్ బలం పెంచిన కారు ముట్టుకోకూడదు.

మళ్లీ ఇంటికొద్దాం. ముందు బంపర్‌కు బిగించే ఇనుప గార్డు గురించి చెప్పాలి, ఎందుకంటే దాన్ని రక్షణ కోసమని నమ్మి పెట్టించుకునేవాళ్లు ఎక్కువ. కారు ముందు భాగాన్ని నలగడానికే కట్టారు. గుద్దుకున్నప్పుడు ఆ ఇనుము ముడతలు పడుతూ దెబ్బ తీవ్రతను తాను మింగేస్తుంది, లోపలి మనిషికి చేరనివ్వదు. ఎంత వేగంగా కారు ఆగిపోతుందో పసిగట్టి సెన్సార్లు ఎయిర్‌బ్యాగుకు సంకేతం పంపుతాయి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవాల్సిన సమయం సెకనులో పదో వంతు కంటే తక్కువ. ఛాసీకి నేరుగా బిగించిన గార్డు ఈ లెక్కంతా తారుమారు చేస్తుంది. దెబ్బ వేరే దారిలో పోతుంది, సంకేతం ఆలస్యం కావచ్చు, అసలు రాకపోవచ్చు. ఎదురుగా ఉన్నది మనిషైతే ప్లాస్టిక్ బంపర్ కొంత ఒదుగుతుంది, ఇనుప గొట్టం ఒదగదు. అందుకే 2017 డిసెంబరు 7న కేంద్ర రవాణా శాఖ ఈ గార్డులు సెక్షన్ 52కు విరుద్ధమని, చర్య తీసుకోవాలని రాష్ట్రాలకు రాసింది. ఇన్నేళ్లయినా ప్రజాప్రతినిధుల కాన్వాయ్‌లలో, ప్రభుత్వ బోర్డు పెట్టుకున్న బళ్లకు అవి కనబడుతూనే ఉన్నాయి. వాళ్ల బళ్ల నుంచి ముందు తీయించాలి. సామాన్యుడి బండి దగ్గర ఆ తర్వాత ఆగాలి.

మార్పు అంటే పెద్ద పనే అక్కర్లేదు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగున్న కారుకు మందపాటి తోలు కవరు బిగించి కుట్టిస్తే, ఆ బ్యాగు బయటికి రావాల్సిన దారిని మనమే మూసినట్టు. సీటు బెల్టు పెట్టుకోమని మోగే శబ్దం ఆపడానికి బకిల్‌లో దూర్చే ఇనుప బిళ్లను 2023లో వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ దుకాణాల నుంచి తీయించింది. రోడ్డు పక్క దుకాణాల్లో అడిగితే ఇప్పటికీ దొరుకుతుంది. పాత వ్యాన్లలో గ్యాస్ కిట్ పెట్టించి, ఇంట్లో వంట సిలిండరును తలకిందులు చేసి మోటారుతో గ్యాస్ ఎక్కించే పద్ధతి మన ఊళ్లలో చాలా ఏళ్లుగా ఉంది. అది ఇళ్ల మధ్యే జరుగుతుంది. చిన్న నిప్పురవ్వకు ఒక కుటుంబం, ఆ పక్క కుటుంబం కూడా పోతాయి. మీ వీధిలో ఎవరైనా చేస్తుంటే మొహమాటపడకుండా ఫిర్యాదు చేయండి. ఆమోదం ఉన్న సీఎన్‌జీ కిట్ వాడేవాళ్లు కూడా సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి.

ఇది సొంత బళ్లతో ఆగదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. కిందపడి ఉన్న బైకును ఈడ్చుకుపోవడంతో మంటలు మొదలయ్యాయి. సీట్ల బస్సుగా అనుమతి ఉన్నదాన్ని పడకల బస్సుగా మార్చారని, ఒక చోట రిజిస్టరైన బండి ఇంకో రాష్ట్రానికి మారిందని అప్పట్లో పత్రికలు రాశాయి. దేశాల మధ్యే కాదు, మన రాష్ట్రాల మధ్య కూడా అమలులో ఉన్న తేడాను వెతుక్కుని బళ్లను తిప్పుతున్నారన్నది ఎన్నో ఏళ్లుగా వినపడుతున్న మాట. సొంత కారుకు అల్లాయ్ వీల్స్ పెట్టించుకునే కుర్రాణ్ని పట్టుకున్నంత పట్టుదలగా, టికెట్ కొని నిద్రపోయే నలభై మందిని మోసే బండిని పరీక్షించాలి. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు పడకల బస్సులన్నిటినీ ఆర్సీ పక్కన పెట్టుకుని సరిపోల్చే పని వెంటనే మొదలుపెట్టాలి.

ప్రభుత్వానికి ఇంకో మాట. మన చట్టం దాదాపు అన్నిటికీ వద్దంటుంది, కానీ ఆ కొద్ది మినహాయింపులు దాటి అవసరం ఉన్నవాడికి పద్ధతి ప్రకారం మార్పించుకునే దారి చూపించదు. దారి లేని చోట దొడ్డిదారి పుడుతుంది. జర్మనీలో లాగా భాగానికి కాగితం, బిగించినవాడికి బాధ్యత, ఇంజినీరు పరీక్ష, పత్రంలో నమోదు మన దగ్గరా రావాలి. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ షెడ్లలో ఆ పని సక్రమంగా చేయగల చేతులకు కొదవ లేదు. అయితే ఆ రోజు వచ్చేదాకా చట్టం ఇదే. వస్తుందన్న నమ్మకంతో ఇవాళ బండిని కోయకండి.

ఇప్పటికే మార్పించుకున్నవాళ్లు ఈ వారమే చేయాల్సినవి ఉన్నాయి. గార్డు, అదనపు లైట్లు, హద్దు దాటిన నల్ల ఫిల్మ్ తీయించండి. తీగలు కోసి అతికించి ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించి సరిచేయించండి, మంట ఎక్కడ దాగి ఉందో టేపు మీద నుంచి తెలియదు. ఒరిజినల్ సైలెన్సర్, బంపర్, లైట్లు మెకానిక్ దగ్గర వదిలేసి వచ్చి ఉంటే అడిగి తెచ్చుకోండి, పాత ఇనుముకు పోకముందే. గ్యాస్ కిట్, రంగు లాంటివి ఆర్సీలో లేకపోతే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. మీ కారులో ఏమేం మార్చారో ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, జవాబు దాచుకోండి. పాత బండి కొనేవాళ్లు రేటు మాట్లాడకముందే ఆర్సీ చేతిలో పట్టుకుని, రంగు, ఇంధనం, సీట్ల సంఖ్య, ఇంజన్ నంబరు, ఛాసీ నంబరు బండి మీద సరిచూసుకోండి. విదేశంలో కొనే పిల్లలు అదే పని అక్కడి పత్రంతో చేయాలి, మార్పుల కాగితాలు చూపించమని అడగాలి, చూపించలేకపోతే ఆ బండి ఎంత చవకైనా వదిలేసి ఇంకోటి చూసుకోవాలి.